వెనక వాటా

బుచ్చిబాబు నోట్లోంచి రావలసిన మాట ఒకటి రాలేదు. ఒకే ఒక్క మాట. అది వచ్చి ఉంటే ఏలూరులో ఆ పెద్దింట్లో అంత రాద్ధాంతం జరిగేది కాదు, లాయరు వచ్చేవాడు కాదు, రోహిణీ కార్తె ఎండలో నేను పని మానుకుని కైకలూరు నుంచి వెళ్ళేదాన్నీ కాదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు ఈ మనిషి ఏ మాటా చివరిదాకా చెప్పడు. మర్యాద ఎక్కువ. ఎవర్నైనా ఏదైనా అడగడమంటే వాళ్ళ నెత్తిన బరువు పెట్టడమని ఆయన ఉద్దేశం. అందుకని సగం చెప్పి, నవ్వి, మిగతా సగం మనకి వదిలేస్తాడు. ఒకసారి పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి "కొంచెం... తినేటప్పుడండీ..." అని ఊరుకున్నాడట. డాక్టరు పొట్ట నొక్కి చూసి గ్యాసు మాత్రలు రాశాడు. ఈయన అవునూ కాదూ అనకుండా ఆ మాత్రలన్నీ అయ్యేదాకా మింగి, అప్పుడు వెళ్ళి పన్ను పీకించుకున్నాడు. ఈ సంగతి నాకు తనే చెప్పాడు, అదేదో ఘనకార్యంలా. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో మీరే చెప్పండి.

బుచ్చిబాబుకి యాభై దాటాయి. ఏలూరులో వెంకట్రాజుగారింట్లో పెరిగాడు. వెంకట్రాజుగారంటే మాటలా! కైకలూరు చుట్టూ చేపల చెరువులు, తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు, పెదపాడు వైపు మాగాణి. ఆయనే బుచ్చిబాబుని చిన్నప్పుడు పెదపాడు నుంచి తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. దూరపు చుట్టమనీ, తల్లీ తండ్రీ లేరనీ అందరికీ చెప్పారు. ఎంత దూరమో ఎవరూ అడగలేదు. బుచ్చిబాబు అసలే అడగడు. పదో తరగతి దాకా చదివించి చెరువుల మీద వేశారు. అప్పట్నుంచీ మేత వేయించడం, నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పించడం, చేపలు పట్టే రోజున ఐసు లారీల వెనక పరిగెత్తడం అంతా ఆయనే.

ఇంటికొస్తే ఆయనకి జనరేటరు పెట్టిన గది. ఒక మంచం, మేకులకి నాలుగు చొక్కాలు. ఆ గదికి తలుపుంది గానీ గడియ లేదు. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి జనరేటరు వెయ్యాలి కదా, గడియ ఎందుకన్నారట. జుట్టు నెరిసిన మనిషికి లోపల్నుంచి గడియ పెట్టుకునే గది లేదు. అది లోటని కూడా ఆయనకి తోచలేదు.

నా సంగతీ చెప్పాలి. నా పేరు సువర్ణ. కైకలూరులో చేపల మేత కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటాను. మావారు పోయి చాలా ఏళ్ళయింది. అన్నయ్యా వదినా నన్ను తమ దగ్గరే పెట్టుకున్నారు. వాళ్ళని ఒక్క మాట అనను. కానీ నేను పడుకునేది హాల్లో. టీవీ కట్టేస్తేనే నాకు నిద్ర. నా పెట్టె వాళ్ళ మంచం కింద. చీర మార్చుకోవాలంటే ఏదో ఒక గది ఖాళీ అయ్యేదాకా తువ్వాలు పట్టుకుని నిలబడాలి. ఈ ఏడు మా మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. శ్రావణంలో కొత్త కోడలు వస్తుంది. అప్పుడిక ఆ హాలు కూడా ఉండదని వదిన మెత్తగానే చెప్పింది, ఇంకెక్కడైనా చూసుకో అని.

ఆ వేసవిలోనే బుచ్చిబాబు మా కొట్టుకి రావడం ఎక్కువైంది. మేత కావలసిన రోజూ వచ్చేవాడు, అక్కర్లేని రోజూ వచ్చేవాడు. ఎండలకి చేపలు గాలాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని, ఏరేటర్లు ఆగకుండా తిప్పుతున్నామని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక బస్తాల వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. తాటాకులో ముంజలు కట్టి తెచ్చి కౌంటరు మీద పెట్టి, "ఇవి... గట్టు మీద... ఎక్కువైపోయాయని..." అనేవాడు. గట్టు మీద ముంజలు ఎక్కువైతే ఊరంతా మనుషులున్నారు, నాకే ఎందుకు తేవాలి? నాకు తెలుసు. అయినా ఆ మాట ఆయన నోటితో వినాలని నాకు ఉండదా?

ఎండలు ముదిరాక ఒకరోజు, "సువర్ణగారూ, మీకు సాయంత్రం... ఇంటికెళ్ళడానికి... ఒక్కరే..." అన్నాడు.

"ఆటో దొరుకుతుందండీ."

"అది కాదండీ. ఎప్పటికీ ఒక్కరే..."

నాకు ఓపిక చచ్చిపోయింది. "నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడగబోతున్నారా?" అన్నాను.

"అదేనండీ!" అన్నాడు, ఎవరో తన బస్తా దించి పెట్టినట్టు.

నేనూ సిగ్గుపడాల్సిన సమయమే గానీ, మొత్తం నేనే చెప్పుకున్నాక ఇంక సిగ్గెక్కడిది? సరేనన్నాను. ఒక్కటే షరతు పెట్టాను. "బుచ్చిబాబుగారూ, నాకు నగలొద్దు, పట్టుచీరొద్దు. నా తాళంచెవితో తెరుచుకునే తలుపు ఒకటి కావాలి. ఆ జనరేటరు గదికి మాత్రం నేను రాను. తలుపు చూపించండి, గుళ్ళో తాళి కట్టండి. చూపించలేకపోతే ముంజలు కూడా తేవద్దు."

ఆయన చాలాసేపు ఆలోచించి, "వెనక వాటా ఖాళీ అయిందండీ..." అన్నాడు.

మా వైపు ఇంట్లో అద్దెకిచ్చే భాగాన్ని వాటా అంటాం. ముందు వాటా, పై వాటా, వెనక వాటా. ఆస్తి పంచుకుంటే వచ్చేదాన్నీ వాటా అనే అంటాం. ఇందులో ఇంత ప్రమాదం ఉందని ఎవరికి తెలుసు? ఆ పెద్దింటి వెనక రెండు గదులు, వంటిల్లు, పక్క సందులోకి విడిగా గేటు. పెర్సిస్ అనే టీచరు అందులో అద్దెకుండేది. బదిలీ అయి, బళ్ళు మూసెయ్యగానే అత్తిలి వెళ్ళిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "అమ్మగారిని అడగండి. 'వెనక వాటా మాకు అద్దెకి ఇస్తారా అండీ?' అంతే. ఏదీ, అనండి," అన్నాను. అన్నాడు. మళ్ళీ అనిపించాను. మేత బస్తాల ముందు నిలబెట్టి మరీ అనిపించాను. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

అక్కడికెళ్ళి ఏం వెలగబెట్టాడో ఆ ఇంటి డ్రైవరు రసూల్ తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. మామిడిపళ్ళ బుట్ట లోపల పెట్టడానికి వెళ్ళి, అంతా కళ్ళారా చూశాడట.

వెంకట్రాజుగారు పోయి అప్పటికి ఏడాదైంది. ఆస్తి పంపకాలకని కొడుకు ఫణికిరణ్, కూతురు సాయిదుర్గ హైదరాబాదు నుంచి దిగారు. ఇద్దరికీ ఒక్క దాని దగ్గరా పొత్తు కుదరడం లేదు. మిల్లు నాకంటే నాకు, చెరువులు నీకంటే నీకు. మాటలు కూడా మానేశారు. కానీ వోల్టేజి లేక ఇంట్లో ఒక్క ఏసీయే పనిచేస్తోంది. అందుకని మాట్లాడుకోనివాళ్ళంతా పొద్దస్తమానం అమ్మగారి గదిలోనే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, రసాలు జుర్రుకుంటూ కూర్చున్నారు. సరిగ్గా ఆ గదిలోకి, "నాన్నగారు ఉండగానే వాటాలు తేల్చి ఉంటే పోయేది" అని సాయిదుర్గ గోడకి చెబుతున్న సమయానికి, మా మహానుభావుడు అడుగు పెట్టాడు.

"అమ్మగారూ," అన్నాడట చేతులు కట్టుకుని. "ఆ వాటా ఏదో... నాకూ ఇప్పిస్తే... పెళ్ళి చేసుకుందామని..."

అద్దె అన్న మాట ఏమైంది? మింగేశాడు! అన్నం పెట్టిన ఇంట్లో అద్దె గురించి మాట్లాడితే డబ్బు లెక్కలు తెచ్చినట్టుంటుందని అనిపించిందట. నా ఖర్మ.

ఫణికిరణ్ చేతిలో మామిడిపండు ఒళ్ళో పడింది. సాయిదుర్గ మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?" అంది.

"పెర్సిస్ టీచరుగారండీ," అన్నాడు ఈయన, ఖాళీ అవుతోందన్న కబురు గురించి కాబోలనుకుని.

"ఆవిడకెలా తెలుసు?"

"ఆవిడకి తెలీకపోవడమేంటండీ..."

"ఇంకా ఎవరెవరికి తెలుసు?" అన్నాడట ఫణికిరణ్.

"ఊళ్ళో అందరికీ తెలిసిందే కదండీ!"

మంగతాయారమ్మగారు, అంటే ఆ అమ్మగారే, వెంకట్రాజుగారి భార్య, గోడ వైపు తిరిగి పడుకున్నారట. ఫణికిరణ్ లేచి, తన కుర్చీ తనే జరిపి, "కూర్చో బుచ్చీ," అన్నాడట. నలభై ఐదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న మనిషిని ఆ గదిలో కూర్చోమనడం అదే మొదలు.

మర్నాడు బుచ్చిబాబు మా కొట్టుకి వచ్చాడు, బెదిరిపోయి. "ఏదో జరిగిందండీ. నాకు కప్పులో కాఫీ ఇచ్చారు. దుర్గమ్మగారు నన్ను అన్నయ్యా అన్నారు..."

"అదంతా సరే, వాటా ఇస్తామన్నారా లేదా?"

"ఆలోచించి చెబుతామన్నారండీ. లాయరుగారితో మాట్లాడాలట. ఎక్కడో ఒకచోట తెగ్గొట్టుకుందాం, నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు అని ఫణిబాబు..."

"రెండు గదుల వాటాకి లాయరేంటండీ!" అని నేను తల బాదుకున్నాను. అడ్వాన్సు గురించి బేరమేమో, ఉన్నవాళ్ళకి అన్నిటికీ కాగితాలు కావాలేమో అనుకున్నాను. "మీరు సరిగ్గానే అడిగారా?" అంటే "అడిగానండీ" అన్నాడు. ఇంట్లో వదిన అప్పుడే హాలు కొలిపిస్తోంది, కొత్త మంచం పడుతుందా లేదా అని. నాకు అన్నం సయించడం మానేసింది.

రోజులు గడుస్తున్నాయి. ఉలుకూ పలుకూ లేదు. చివరికొకరోజు రసూల్ కారు తెచ్చి కొట్టు ముందు ఆపాడు. "మిమ్మల్ని తీసుకురమ్మన్నారండీ. పొద్దున లాయరుగారు వచ్చి వెళ్ళారు," అన్నాడు. దారంతా నేను నా తలుపు గురించే ఆలోచించాను. ఇవ్వం అని చెప్పడానికే పిలిపించి ఉంటారనిపించింది.

ఏసీ గదిలో అందరూ ఉన్నారు. మంచం మీద అమ్మగారు. గోడన దండ వేసిన వెంకట్రాజుగారి ఫోటో. సోఫా అంచున బుచ్చిబాబు, ఇంకొంచెం జరిగితే కింద పడతాడు. ఫణికిరణ్ నాకు కుర్చీ చూపించి మొదలుపెట్టాడు.

"చూడండి సువర్ణగారూ. కోర్టులూ గొడవలూ ఎవరికీ మంచిది కాదు. నాన్నగారి పేరు నలుగురి నోళ్ళలో పడకూడదు. పెదపాడు దగ్గర మూడెకరాలు బుచ్చి పేర రాసేస్తాం. ఇంక ఏ హక్కూ అడగనని తను మాటివ్వాలి."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మూడెకరాలు ఏం చేసుకోమంటారండీ? వరిచేలో కాపురం పెడతామా? మేం అడిగింది వెనక వాటా!"

"అదేనమ్మా, వాటాకి బదులుగానే..."

"బదులేంటండీ! పెర్సిస్ టీచరు ఖాళీ చేసిన వాటా. రెండు గదులు, వంటిల్లు. గేటుకి టులెట్ బోర్డు కూడా వేలాడుతోంది. అద్దెకి ఇస్తారా, ఇవ్వరా? ఆ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా? లాయరేంటి, కారేంటి, ఇదంతా ఏంటండీ బాబూ!"

"అద్దెకా?" అంది సాయిదుర్గ.

"అద్దెకే!"

ఫణికిరణ్ బుచ్చిబాబు వైపు తిరిగాడు. "మరి టీచరు చెప్పిందన్నావు?"

"ఖాళీ చేస్తున్నానని చెప్పారండీ."

"ఊరందరికీ తెలుసన్నావు?"

"బోర్డు పెట్టాం కదండీ. నేనే కట్టాను."

ఫణికిరణ్ సోఫాలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. బతికిపోయిన మనిషి నవ్వు అది. "అయ్యో, ఇంత దానికా! సరే సరే, ఏదో పొరపాటు. నేనన్నదంతా మర్చిపోండి. వాటా తీసుకోండి, అద్దె కూడా మీకు తగ్గిస్తాం. ఈ నెలలోనే దిగిపోండి," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నేను లేచి నిలబడ్డాను కూడా. నా తలుపు నాకు దొరికింది, మిగతా గోల నాకెందుకనుకున్నాను. బుచ్చిబాబు లేవలేదు.

"హక్కంటే ఏంటండీ?" అన్నాడు.

"వదిలెయ్ బుచ్చీ," అన్నాడు ఫణికిరణ్.

"బాబుగారి పేరు నలుగురి నోళ్ళలో ఎందుకు పడుతుందండీ?"

రెండు ప్రశ్నలు. రెండూ చివరిదాకా అడిగాడు. నేను ఆయన మొహం చూసి మళ్ళీ కూర్చున్నాను. అప్పుడు అమ్మగారు మంచం మీద లేచి కూర్చున్నారు.

"చెప్పండర్రా. ఇంతదాకా తెచ్చారుగా," అన్నారు. పిల్లలిద్దరూ తల దించుకున్నారు. "సరే, నేనే చెబుతా. ఒరేయ్ బుచ్చీ, నీ తండ్రి ఆయనేరా." గోడన ఫోటో వైపు చెయ్యి చూపించారు. "నేను కాపురానికి వచ్చేసరికే ఉంది మీ అమ్మ. నువ్వు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడే పోయింది. నిన్ను పెదపాడు పంపించెయ్యమన్నది నేనే. వయసులో ఉన్నాను, కడుపు మంట. తర్వాత ఉండబట్టలేక తెమ్మన్నదీ నేనే. తెచ్చాక కొడుకని మాత్రం అననివ్వలేదు."

ఆసుపత్రిలో పోయేముందు వెంకట్రాజుగారు పిల్లలిద్దరినీ పిలిచి చెప్పారట, బుచ్చికి న్యాయం చెయ్యండని. ఇద్దరూ దాన్ని అక్కడే పాతిపెట్టి ఇంటికొచ్చారు. అన్నాచెల్లెళ్ళకి పొత్తు కుదిరింది ఆ ఒక్క విషయంలోనే. ఆ సమయానికి బుచ్చిబాబు ఆ గది బయట బల్ల మీద, వెంకట్రాజుగారి ఉతికిన బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. లేచి ఆ గదిలో నలుగురినీ, గోడ మీదున్నాయనతో సహా, కడిగెయ్యాలనిపించింది.

ఇప్పుడు ఈయన ఏం అడుగుతాడోనని ఫణికిరణ్ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. మిల్లా, చెరువులా, ఈ ఇల్లా?

"మా అమ్మ పేరేంటండీ?" అన్నాడు బుచ్చిబాబు.

ఫణికిరణ్ చెల్లెలి వంక చూశాడు. ఆవిడ అన్న వంక చూసింది. మూడెకరాలు లెక్కేసి పెట్టుకున్నారు గానీ ఆ పేరు ఇద్దరికీ తెలియదు.

"నాంచారమ్మ," అన్నారు అమ్మగారు. "వెనక వాటాలోనే ఉండేదిరా అది... ఆవిడ. నువ్వు పుట్టిందీ అక్కడే. ఆవిడ పోయిందీ అక్కడే."

బుచ్చిబాబు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఇంక "సరేనండీ" అని లేచిపోతాడనే నేననుకున్నాను. ఈ మనిషి అంతకంటే ఏమంటాడు?

"ఫణిబాబూ, మూడెకరాలు వద్దండీ. నాకు వెనక వాటా కావాలండీ," అన్నాడు.

"తీసుకోమన్నాం కదా బుచ్చీ! అద్దె సంగతి..."

"అద్దె ఇవ్వనండీ."

అద్దె. మేత బస్తాల ముందు నిలబెట్టి నేను అన్నిసార్లు అనిపించిన మాట. ఈ ఇంట్లోకి రాగానే గొంతులో ఆగిపోయిన మాట. అరిచి అనలేదు, వేలు చూపించలేదు. అండీ కూడా మానలేదు. ఫణికిరణ్ ఒక్కసారిగా లేచి, "అంటే ఏంటి నీ ఉద్దేశం? అమ్మా, చూడు..." అన్నాడు.

"నోరుముయ్," అన్నారు అమ్మగారు. "మూడెకరాలు ఇస్తానన్నవాడివి రెండు గదులకి ఏడుస్తావేం? రేపు ఆ లాయర్ని మళ్ళీ పిలు. వాటా వాడి పేర రాయించు." తలగడ కింద నుంచి తాళాల గుత్తి తీసి, ఒక తాళంచెవి విడదీసి ఆయన చేతిలో పెట్టారు. బుచ్చిబాబు దాన్ని తెచ్చి నా చేతికిచ్చాడు.

పక్క సందులోంచి వెళ్ళాం. టులెట్ బోర్డు తను కట్టిన తాడు తనే విప్పి, గోడకి ఆనించాడు. తాళం తీశాను. లోపల చీకటిగా, వేడిగా ఉంది. సున్నం వాసన. నేను గబగబా వెళ్ళి కిటికీలు తెరిచాను. వెనక్కి తిరిగి చూస్తే ఈయన ఇంకా గడప అవతలే నిలబడి ఉన్నాడు, ద్వారబంధం మీద చెయ్యి వేసి.

"ఇక్కడ..." అన్నాడు. అని ఆగిపోయాడు.

ఎప్పుడూ ఆ మిగతా సగం నేనే అంటాను. ఆ పూట అనలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, ఆయన లోపలికి వచ్చేదాకా నిలబడ్డాను.